పీహెచ్‌డీ విద్యార్థికి ఎదురు సలహాలు

సీటు వచ్చిన వారంలో పీహెచ్‌డీ విద్యార్థికి దొరికే సలహాలు ఏ ఊళ్లో అయినా దాదాపు ఒకటే. "గైడుతో బాగుండు, మిగతావి అవే అవుతాయి." "ఆఫీసు జోలికి పోకు, వాళ్లతో పెట్టుకోకు." "ముందు టాపిక్ చూసుకో, రూల్స్ సంగతి సబ్మిషన్ అప్పుడు చూద్దాం." "ఎక్స్‌టెన్షన్ అందరికీ ఇస్తారు, నీకూ ఇస్తారు." చెప్పే సీనియర్లు మంచివాళ్లే. టీ డబ్బులు కూడా వాళ్లే ఇస్తారు. నేను డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, సాయంత్రాలు పీహెచ్‌డీ పిల్లల దరఖాస్తులు దిద్దిపెడుతూ చాలా ఏళ్లయింది. నా దగ్గరికొచ్చిన కష్టాల్లో ఎక్కువ భాగం ఈ నాలుగు మాటల దగ్గరే మొదలయ్యాయి. అందుకని నేను వీటికి ఎదురు చెబుతాను. మొండి సలహాలంటారు మా స్టాఫ్‌రూమ్‌లో. ఈ విషయంలో మొండితనం అవసరమనే నా నమ్మకం.

టాపిక్ కంటే ముందు రూల్స్ చదవండి. అడ్మిషన్ తీసుకున్న రోజు లైబ్రరీకి వెళ్లకండి, జిరాక్స్ షాపుకు వెళ్లండి. మీ యూనివర్సిటీ పీహెచ్‌డీ రెగ్యులేషన్స్, యూజీసీ వాళ్ల 2022 రెగ్యులేషన్స్ రెండూ ప్రింటు తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించుకోండి. ఫోన్లో పీడీఎఫ్ ఉంటే సరిపోదా అంటారు. సరిపోదు. ఏదో ఒక రోజు ఆఫీసు బల్ల మీద ఆ కాగితం పరిచి, ఫలానా లైను మీద వేలు పెట్టి చూపించాల్సి వస్తుంది. అప్పుడు ఫోను స్క్రీను పెద్దది చేసి చూపిస్తుంటే ఎదుటివాళ్లు తల కూడా ఎత్తరు. కాగితమైతే కళ్లజోడు పెట్టుకుని చదువుతారు. ఇది నేను ఎన్నోసార్లు చూశాను.

యూజీసీ రెగ్యులేషన్స్ పెద్ద పుస్తకమేమీ కాదు, ఒక మధ్యాహ్నం కూర్చుంటే అయిపోతుంది. 2022 నవంబర్ 7న నోటిఫై అయ్యాయి. కోర్స్‌వర్క్‌తో కలిపి పీహెచ్‌డీ కాలం కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు. ఆ తర్వాత రీ-రిజిస్ట్రేషన్ మీద ఇంకో 2 ఏళ్ల వరకు పొడిగించవచ్చు, మొత్తం 8 దాటకూడదు. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవాళ్లకు ఇంకో 2 ఏళ్ల వెసులుబాటు ఉంది, అంటే 10 ఏళ్ల దాకా. కోర్స్‌వర్క్ 12 నుంచి 16 క్రెడిట్లు, అందులో 55 శాతం రావాలి. ఈ అంకెలు మీ ఇంటి ఫోను నంబరులా నోటికి రావాలి. ఎందుకంటే "అందరికీ ఇస్తారులే" అన్న మాటకు అర్థం, మీకు రావాల్సిన దాన్ని ఎవరి దయగానో చూస్తున్నారని. దయ అనుకున్నవాళ్లు అడగడానికి మొహమాటపడతారు. రూల్ అని తెలిసినవాళ్లు గడువుకు ఆర్నెల్ల ముందే దరఖాస్తు పెడతారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, దీన్ని సీనియర్లు సరిగా చెప్పరు. మీ సీనియరుకు వర్తించిన రూల్ మీకు వర్తించకపోవచ్చు. 2009లో ఒక రెగ్యులేషన్, 2016లో ఒకటి, 2022లో ఒకటి వచ్చాయి. ఎప్పుడు రిజిస్టర్ అయ్యారన్న దాన్నిబట్టి ఎవరిది వాళ్లకే. 2016 రూల్స్ కింద చేరినవాళ్లు థీసిస్ ఇచ్చే ముందు రిఫరీడ్ జర్నల్‌లో ఒక పేపరు, సెమినార్లలో రెండు ప్రెజెంటేషన్లు చూపించాలి. 2022 రూల్స్‌లో యూజీసీ ఆ షరతు తీసేసింది. అయితే యూనివర్సిటీలు సొంతంగా పెట్టుకున్న షరతులు వేరే ఉంటాయి, అందుకే రెండు పుస్తకాలూ బైండింగ్ చేయించమన్నది. 2023లో చేరిన ఒకబ్బాయి, సీనియరు చెప్పిన మాట మీద పన్నెండు వేలు పోసి ఎవరూ చదవని జర్నల్లో హడావుడిగా పేపరు వేయించుకొచ్చాడు. వాళ్ల యూనివర్సిటీ రూల్స్‌లో ఆ అవసరమే లేదు. నాన్న పంపిన డబ్బు, పైగా ఇప్పుడు ఆ పేపరు తన పేరు మీద ఉన్నందుకు తనకే ఇబ్బంది. రాయదగ్గది ఉంటే రాయండి. కాగితం లెక్క కోసమైతే వద్దు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన సలహా. దీని మీదే ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే దీనికి నేను పదకొండు నెలలు కట్టాను.

ఏ కాగితమూ చేతికివ్వకండి. ఇన్‌వర్డ్‌లో ఇవ్వండి.

నాకు గడువు ముగుస్తున్నప్పుడు ఎక్స్‌టెన్షన్ దరఖాస్తు రాసుకుని సెక్షన్‌కు వెళ్లాను. డీలింగ్ అసిస్టెంటు మంచి మనిషి. "ఇన్‌వర్డ్ దాకా ఎందుకమ్మా, నాకే ఇవ్వు, నేను ఫైల్లో పెట్టేస్తా" అన్నాడు. నా ముందే గులాబీ రంగు అట్ట ఫైలులో పెట్టాడు కూడా. ట్యాగు దారం ముడి వేయడం నా కళ్లారా చూశాను. నెలన్నర తర్వాత ఆయనకు వేరే సెక్షన్‌కు బదిలీ అయింది. ఇంకో రెండు నెలలకు, "మీ రిజిస్ట్రేషన్ ల్యాప్స్ అయింది" అని డిపార్ట్‌మెంట్‌కు కాగితం వచ్చింది.

పరుగెత్తుకుంటూ వెళ్లాను. సూపరింటెండెంటు గారు ఇన్‌వర్డ్ రిజిస్టరు తెప్పించారు. పొడుగాటి పుస్తకం, మూలలు నలిగిపోయి ఉన్నాయి. వరస నంబరు, తేదీ, ఎవరి దగ్గర నుంచి, విషయం, ఏ సెక్షన్‌కు అని ఐదు గళ్లు. నేను చెప్పిన తారీఖు దగ్గర వేలు పెట్టి కిందికి జరుపుతూ వచ్చారు. ఆ రోజు పద్దెనిమిది ఎంట్రీలున్నాయి. మైగ్రేషన్ కోసం ఒకటి, హాస్టల్ మెస్ బకాయి గురించి ఒకటి, ఎవరిదో పేరు సవరణ, ఏదో కాలేజీ అఫిలియేషన్. నా పేరు లేదు. మరుసటి రోజూ చూశారు, అందులోనూ లేదు. ఆయన పుస్తకం మూసి, "అమ్మా, నువ్వు ఇచ్చావంటే నేను నమ్ముతా. కానీ ఫైల్లో ఏం రాయమంటావ్?" అన్నారు. ఆయన తప్పేమీ లేదు. కోప్పడదామన్నా ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు. మళ్లీ రిజిస్ట్రేషన్, మళ్లీ ఫీజు చలానా, మళ్లీ కమిటీ, ఆ కమిటీ కూర్చునే తేదీ కోసం ఎదురుచూపులు. మొత్తం పదకొండు నెలలు. ఆ ఏడాది వచ్చిన లెక్చరర్ నోటిఫికేషన్‌కు పీహెచ్‌డీ పూర్తయినట్టు చూపించుకోలేకపోయాను.

అందుకని పద్ధతి చెబుతాను, విసుగనిపించినా చదవండి. ప్రతి దరఖాస్తూ రెండు కాపీలు. పైన తేదీ, "విషయం" అని ఒక వాక్యం, కింద జతపరిచిన కాగితాల జాబితా. గైడు, హెచ్‌ఓడీ ఫార్వార్డింగ్ సంతకాలతో "త్రూ ప్రాపర్ చానెల్" పంపాలి. మొదటి కాపీ ఇన్‌వర్డ్‌లో ఇవ్వండి. రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఆ గుండ్రటి ముద్ర మధ్యలో చేత్తో రాసిన నంబరు, తేదీ ఉండాలి. ముద్ర ఉండి నంబరు లేకపోతే అది రాయించుకునే దాకా కదలకండి. లంచ్ టైమ్ అంటే లంచ్ అయ్యే దాకా కూర్చోండి. ఆ రెండో కాపీని ఫోటో తీసి మీకు మీరే మెయిల్ చేసుకోండి, అసలుది ఇంట్లో పెట్టండి. పాత రేకు పెట్టె ఉంటే ఇంకా మంచిది, వానకు తడవదు.

పక్క గదిలో కూర్చునే గైడుకు కూడా కాగితం రాయమంటాను. ఇది వినగానే పిల్లలు నోరు తెరుస్తారు. "సార్ ఏమనుకుంటారు మేడం? రోజూ మాట్లాడుకుంటాం కదా." మాట్లాడుకోండి. మాట్లాడుకున్న రోజు రాత్రి నాలుగు లైన్ల మెయిల్ పెట్టండి: "సార్, ఇవాళ మీరు మూడో అధ్యాయంలో ఫలానా భాగం తీసేయమన్నారు, రెండో అధ్యాయం ఆమోదించారు, నెలాఖరుకు నాలుగోది ఇస్తాను." అంతే. ఇందులో అనుమానం లేదు, అవమానం లేదు. ఎనిమిది మందిని చూసుకునే ప్రొఫెసరుకు ఎవరికి ఏం చెప్పారో ఎలా గుర్తుంటుంది? మంచి గైడు ఈ మెయిల్‌కు సంతోషిస్తారు. చిరాకుపడే గైడు అయితే మెయిల్ ఇంకా ఎక్కువ అవసరం.

ఎనిమిది అన్నది ఊరికే అన్న లెక్క కాదు. ఒక సమయంలో ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర 6 మంది, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర 4 మంది మించి ఉండకూడదు. రిటైర్మెంటుకు మూడేళ్ల లోపు సర్వీసు ఉన్నవాళ్లు కొత్త విద్యార్థిని తీసుకోకూడదు. ఉన్నవాళ్లను రిటైరయ్యే దాకా గైడ్ చేయవచ్చు, ఆ తర్వాత కో-సూపర్‌వైజరుగా కొనసాగవచ్చు, అదీ 70 ఏళ్ల వయసు దాకానే. కాబట్టి గైడును ఎంచుకునే అవకాశం మీకుంటే, పేరున్నవాళ్ల వెంట పడకండి. నలుగురితోనే ఉండే అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర చేరండి. పెద్ద పేరు వైవా రోజున పనికొస్తుందంటారు. వైవాకు ముందు ఐదారేళ్లు మీ డ్రాఫ్టు ఎవరు చదువుతారు? చిన్న వయసు గైడు చదువుతారు, ఎందుకంటే వాళ్లకూ మీ థీసిస్ పూర్తవడం అవసరం. గైడు సంగతి తెలుసుకోవాలంటే హాస్టల్లో చెప్పుకునే మాటలు వినకండి, శోధ్‌గంగ తెరవండి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ఆ భాండాగారంలో దేశంలోని థీసిస్‌లు పూర్తి పాఠంతో దొరుకుతాయి. ఆ గైడు దగ్గర చేసినవి మూడు చదవండి. మూడింటిలో మొదటి అధ్యాయం ఒకే అచ్చులో పోసినట్టుంటే ఆలోచించుకోండి. సమర్పించిన ఏడాది చూడండి, చేరిన ఏడాది వాళ్లనే అడగండి. ఎవరికి ఎంత కాలం పట్టిందో తేలిపోతుంది.

ఇప్పుడు రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ. ప్రతి సెమిస్టరూ దాని ముందు నిలబడి మీ పని వివరించాలి, చిన్న నివేదిక ఇవ్వాలి. అందరి సలహా ఏమిటంటే, ఆ రోజు ఎలాగో గట్టెక్కితే చాలు, "సంతృప్తికరం" అని సంతకాలు పడితే చాలు అని. నా సలహా దీనికి పూర్తిగా ఎదురు. అభ్యంతరాలు అడిగి మరీ రాయించుకోండి.

చరిత్ర విభాగంలో చేస్తున్న ఒకమ్మాయికి ఐదు సెమిస్టర్లు వరసగా ఆ ఒక్క మాటే వచ్చింది: సంతృప్తికరం. ప్రీ-సబ్మిషన్ సెమినార్లో అదే కమిటీ సభ్యుడు లేచి, "నీ టైటిల్లో జిల్లా మొత్తం ఉంది, నీ ఆధారాలు రెండు తాలూకాలవే" అన్నారు. ఆయన అన్నది న్యాయమే. కానీ రెండో సెమిస్టర్లో అనుంటే టైటిల్ మార్చుకునేది, ఇప్పుడు టైటిల్ మార్పుకు మళ్లీ ఆమోదాలు కావాలి. ఆ తర్వాత నేను మా వాళ్లందరికీ ఒక ప్రశ్న నేర్పాను. ప్రెజెంటేషన్ అయ్యాక నిలబడే అడగాలి: "సార్, ఇవాళే నేను థీసిస్ ఇచ్చుంటే మీరు ఏ కారణం మీద వెనక్కి పంపేవారు?" గది ఒక్క క్షణం నిశ్శబ్దమవుతుంది. తర్వాత నిజమైన మాటలు వస్తాయి. వాటిని మినిట్స్‌లో రాయమని కోరండి. పని బాగాలేకపోతే కారణాలు రాసి, ఏం దిద్దుకోవాలో చెప్పడం కమిటీ బాధ్యతేనని రూల్స్‌లోనే ఉంది. దిద్దుకోకపోతే రిజిస్ట్రేషన్ రద్దుకు సిఫారసు చేసే అధికారమూ ఉంది. అందుకే అందరూ భయపడతారు. కానీ రాతలో ఉన్న అభ్యంతరాన్ని దిద్దుకున్నట్టు వచ్చే సెమిస్టర్లో రాతపూర్వకంగా చూపించవచ్చు. గాల్లో ఉన్న అభ్యంతరాన్ని ఎవరికి చూపిస్తారు?

ప్లేజరిజం గురించి ఎక్కువ చెప్పను. "పది శాతం లోపు ఉంటే చాలు" అని నమ్మి, చివరి వారంలో పర్యాయపదాలు మార్చుతూ కూర్చునే వాళ్లను చూస్తే బాధేస్తుంది. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం 10 శాతం వరకు పోలికకు శిక్ష లేదు. 10 దాటి 40 వరకైతే దిద్ది మళ్లీ ఇవ్వాలి, 40 నుంచి 60 వరకైతే ఏడాది పాటు ఇవ్వకూడదు, 60 దాటితే రిజిస్ట్రేషనే పోతుంది. చివర్లో కాదు, మొదటి అధ్యాయం రాయగానే చెక్ చేయించండి. ఎక్కడ ఎత్తిరాసే అలవాటుందో అప్పుడే బయటపడుతుంది.

సెలవు తీసుకోండి. దీన్ని ఆడపిల్లలకు ప్రత్యేకంగా చెబుతున్నాను. కడుపుతో ఉన్న సంగతి ఆరో నెల దాకా దాచి, ల్యాబులో నిలబడి పనిచేసిన అమ్మాయి నాకు తెలుసు. "చెప్తే సీరియస్‌నెస్ లేదంటారు" అని ఎవరో సలహా ఇచ్చారట. పీహెచ్‌డీ మొత్తం కాలంలో ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు 240 రోజుల వరకు మహిళలకు ఉంది. అది అడుక్కోవాల్సింది కాదు. దరఖాస్తు రాయండి, ఇన్‌వర్డ్ చేయండి, ఇంటికెళ్లి విశ్రాంతి తీసుకోండి. పెళ్లయి వేరే ఊరు వెళ్లాల్సి వస్తే కూడా చదువు మానుకోవాలని లేదు. కొన్ని షరతుల మీద, పాత సంస్థకూ గైడుకూ ఇవ్వాల్సిన గుర్తింపు ఇస్తూ, చేసిన పరిశోధనను అక్కడి యూనివర్సిటీకి మార్చుకునే వీలు రూల్స్‌లో ఉంది. "పెళ్లయ్యాక పీహెచ్‌డీ ఏం సాగుతుందిలే" అనే అత్తయ్యలకు ఆ పేజీ చదివి వినిపించండి.

ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్‌లో చేరే స్కూలు టీచర్లు, జూనియర్ లెక్చరర్లు ఎన్‌ఓసీ ముందే చేతిలో పెట్టుకోండి. చదువుకు అనుమతి ఇస్తున్నామని, కోర్స్‌వర్క్‌కు అవసరమైతే రిలీవ్ చేస్తామని పై అధికారి రాసిచ్చింది ఉండాలి. సీటొచ్చాక అడుగుదామనుకుంటే అప్పటికి ఆ అధికారే మారిపోతారు.

థీసిస్ బాగా వచ్చే దాకా ఆగకండి. ఇది నా సలహాల్లో ఎక్కువ మందికి కోపం తెప్పించేది. నేను సాహిత్యం విద్యార్థిని, వాక్యం మీద నాకూ ప్రేమే. అయినా చెబుతున్నాను, థీసిస్ మీ జీవితంలో గొప్ప పుస్తకం కానక్కర్లేదు. ప్రశ్నకు జవాబు దొరికి, ఆధారాలు చూపించి, కమిటీ అభ్యంతరాలు దిద్దుకున్నారంటే ఇచ్చేయండి. పుస్తకం తర్వాత రాసుకోవచ్చు. ఆరో ఏడు దాటాక ప్రతి నెలా ఫెలోషిప్ లేని నెలే. జేఆర్ఎఫ్ ఉన్నవాళ్లకు కూడా అన్నీ కలిపి ఐదేళ్లే వస్తుంది.

థీసిస్ ఇచ్చాక "ఇక మన చేతుల్లో ఏముంది" అని ఊరెళ్లిపోతారు. వెళ్లకండి, లేదా ఊళ్లోంచే కాగితాలు రాస్తూ ఉండండి. గైడు కాక కనీసం ఇద్దరు బయటి ఎగ్జామినర్లు దాన్ని చూడాలి. థీసిస్ ఇచ్చిన రోజు నుంచి వైవా దాకా అంతా ఆరు నెలల్లో పూర్తి చేయాలని యూజీసీ చెప్పింది. ఎగ్జామినర్ల పేర్లు అడగకండి, అది గోప్యం. తేదీలు అడగండి. ప్యానెల్ ఏ రోజు ఆమోదమైంది, థీసిస్ ఏ రోజు పంపారు, రిపోర్టులు ఏ రోజు వచ్చాయి. మొదట మామూలు దరఖాస్తు, జవాబు రాకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు. 30 రోజుల్లో జవాబివ్వాలి. "ఆర్టీఐ వేస్తే పగబడతారు" అంటారు. నేను రాసిపెట్టిన వాటిలో చాలాసార్లు జరిగింది ఒకటే. అలమరలో ఉన్న థీసిస్ పోస్టాఫీసుకు వెళ్లింది.

వైవా బహిరంగంగా జరుగుతుంది, నోటీసు బోర్డు మీద పెడతారు. మీ వైవాకు ముందు ముక్కూమొహం తెలియని నలుగురి వైవాలకు వెళ్లి వెనక బెంచీలో కూర్చోండి. భోజనాలకూ శాలువాలకూ అప్పు చేయకండి. రూల్స్‌లో ఎక్కడా భోజనం లేదు, నేను వెతికాను.

చివరి పని ప్రొవిజనల్ తీసుకోవడం. మన పేర్లతో ఒక చిక్కుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, డిగ్రీలో పొడి అక్షరమవుతుంది, ఆధార్‌లో చివరికి పోతుంది. ఒక చోట "లక్ష్మి" అన్న పేరు ఇంకో చోట ఇంగ్లిష్‌లో ఒక అక్షరం ఎక్కువతో వస్తుంది. పదో తరగతి మెమో జిరాక్సు వెంట తీసుకెళ్లండి. ప్రొవిజనల్ చేతికివ్వగానే కౌంటరు దగ్గరే నిలబడి మెమో పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూడండి. పేరు, తండ్రి పేరు, థీసిస్ టైటిల్, తేదీ. వెనక లైన్లో వాళ్లు జరగమంటారు. లోపలివాళ్లు "అంతా సరిగానే ఉందమ్మా" అంటారు. చూడటం పూర్తయ్యాక సంతకం పెట్టి, అప్పుడు పక్కకు జరగండి.